అమరం మీద రక్షణ కమ్మీ: చిన్న తెరచాప పడవకు తక్కువ ఖర్చులో భద్రత

ఒక చిన్న తెరచాప పడవ 5 నాట్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 2.6 మీటర్లు. వెనుక కూర్చున్న మనిషి కాలు జారి నీళ్లలో పడితే, మిగిలినవాళ్లు గమనించి, తెరచాప దించి, పడవను వెనక్కి తిప్పడానికి ఒక్క నిమిషం పట్టినా ఆ మనిషికీ పడవకూ మధ్య 150 మీటర్ల దూరం ఏర్పడుతుంది. ఒక మీటరు ఎత్తు అలల మధ్య అంత దూరంలో తేలే తల కనిపించడం కష్టం. చీకటి పడితే దాదాపు అసాధ్యం. అందుకే సముద్రంలో పడినవారిని కాపాడటం కంటే పడకుండా చూసుకోవడమే ముఖ్యమని నావికులు చెబుతారు. అనుభవం ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు. ఫ్రాన్స్‌కు చెందిన ప్రసిద్ధ నావికుడు ఎరిక్ తబర్లీ 1998 జూన్‌లో ఐరిష్ సముద్రంలో, రాత్రివేళ తన సొంత పడవ 'పెన్ డ్యూక్' నుంచి నీళ్లలో పడిపోయి ప్రాణాలు కోల్పోయాడు.

పడవ ముందు భాగాన్ని మన తీరంలో అణియం అనీ, వెనుక భాగాన్ని అమరం అనీ అంటారు. అమరం చుట్టూ గొట్టాలతో బిగించే చట్రమే ఈ రక్షణ కమ్మీ. తెరచాప పడవల వాళ్లు దీన్ని 'పుష్‌పిట్' అంటారు. కొత్తగా వచ్చే పెద్ద పడవలకు ఇది తయారీలోనే అమర్చి ఉంటుంది. ఆరేడు మీటర్ల పాత పడవలకు చాలావరకు ఉండదు. అండమాన్, నికోబార్ దీవుల వంటి చోట అలాంటి పడవ ఉన్నవారు ఈ కమ్మీని తక్కువ ఖర్చుతో, కానీ నమ్మదగినట్లుగా ఎలా అమర్చుకోవచ్చు? జవాబులో సగం భౌతికశాస్త్రం, సగం రసాయనశాస్త్రం ఉన్నాయి.

దీవుల్లో పడవలు, తెలుగువారు

బంగాళాఖాతానికి ఇవతల విశాఖపట్నం, అవతల 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్. మధ్య దూరం సుమారు 1200 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు. వీరిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాజధానిలోని జంగ్లీఘాట్ రేవులో తెలుగు మాట సాధారణంగానే వినిపిస్తుంది.

ఈ దీవులకు తమ సొంత పడవ సంప్రదాయం ఉంది. నికోబారీల 'హోడీ' ఒకే మానును తొలిచి చేసిన పడవ. పక్కకు చాచిన కర్రల చివర ఒక తేలుడు దుంగ కట్టి ఉంటుంది. ఆ దుంగ వల్ల పడవ సులువుగా బోల్తా పడదు. ఉత్తరాంధ్ర మత్స్యకారుల తెప్ప దుంగల్ని కలిపి కట్టినది. హోడీకీ తెప్పకూ వెనుక కమ్మీలు లేవు. అవి లేకుండానే తరతరాల వాళ్లు సముద్రం మీద బతికారు. మరి చిన్న తెరచాప పడవకు మాత్రం ఎందుకు?

కారణం పడవ అంచు ఎత్తులో ఉంది. హోడీ, తెప్ప నీటి మట్టానికి చాలా దగ్గరగా ఉంటాయి. పడిన మనిషి చేయి చాచి అంచు పట్టుకుని మళ్లీ ఎక్కగలడు. ఫైబర్‌గ్లాసుతో చేసిన తెరచాప పడవ అంచు నీటి నుంచి అర మీటరు, ముప్పావు మీటరు ఎత్తులో నునుపైన గోడలా ఉంటుంది. తడిసిన బట్టలతో, అలసిన చేతులతో ఆ గోడ ఎక్కడం ఆరోగ్యవంతుడికి కూడా సాధ్యం కాకపోవచ్చు. పైగా తెరచాప పడవలో చుక్కాని పట్టుకునే మనిషి రోజంతా అమరంలోనే ఉంటాడు. వల లాగినా, వెనుక కట్టిన ఇంజన్ ఎత్తినా, దించినా పని జరిగేది అక్కడే. కాబట్టి ఇక్కడ కమ్మీ, దానికి తోడు నీళ్లలోకి దిగే చిన్న నిచ్చెన, రెండూ అవసరం.

ఎంత ఎత్తు ఉండాలి?

సముద్ర పందేలలో పాల్గొనే పడవల కోసం వరల్డ్ సెయిలింగ్ సంస్థ రూపొందించిన భద్రతా నిబంధనలు ఇక్కడ మంచి కొలమానం. దాదాపు 8.5 మీటర్లు, అంతకు మించిన పొడవున్న పడవల్లో రక్షణ కమ్మీ డెక్ నుంచి కనీసం 600 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్న పడవలకు 450 మిల్లీమీటర్లు చాలు. కమ్మీల మధ్య ఖాళీకి కూడా పరిమితి ఉంది. పెద్ద పడవల్లో అది 380 మిల్లీమీటర్లు దాటకూడదు. జారిపడిన మనిషి ఆ ఖాళీలోంచి దూరిపోకూడదన్నదే ఉద్దేశం.

ఈ అంకెల్లో ఒక ముఖ్యమైన విషయం దాగి ఉంది. నిలబడిన మనిషి గరిమనాభి అతని ఎత్తులో సుమారు 55 శాతం దగ్గర, అంటే నాభికి కాస్త కింద ఉంటుంది. 165 సెంటీమీటర్ల మనిషికి అది 90 సెంటీమీటర్ల ఎత్తు. గరిమనాభి కంటే కింద తగిలే అడ్డం మనిషిని పూర్తిగా ఆపలేదు. మోకాలికో తొడకో తగిలి మనిషి దాని మీదుగా బోర్లా పడే అవకాశం ఉంది. అంటే 450 మిల్లీమీటర్ల కమ్మీ కూర్చున్నవారినీ, వంగి పని చేసేవారినీ, జారిపోయేవారినీ ఆపుతుంది. నిలబడినవారికి అది చేతిపట్టు మాత్రమే. మేడ పిట్టగోడలా ఒక మీటరు ఎత్తు పెట్టవచ్చు కదా అంటే, ఎత్తు పెరిగే కొద్దీ బరువు, గాలి తాకిడి, అడుగు భాగం మీద ఒత్తిడి అన్నీ పెరుగుతాయి. తెరచాప తాళ్లకూ అడ్డు వస్తుంది. అందుకే ఈ రాజీ.

మీట సూత్రం చెప్పే నిజం

పడవ 20 డిగ్రీలు పక్కకు ఒరిగినప్పుడు 70 కిలోల మనిషిని పక్కకు జార్చే బలం సుమారు 235 న్యూటన్లు. దానికి అల కుదుపు తోడైతే 400 న్యూటన్లు, అంటే 40 కిలోల బరువుకు సమానమైన తోపు, కమ్మీ పైభాగం మీద పడటం ఆశ్చర్యం కాదు.

ఆ బలం 450 మిల్లీమీటర్ల ఎత్తులో, ఒకే ఒక నిలువు కమ్మీ మీద పడిందనుకుందాం. బలాన్ని ఎత్తుతో గుణిస్తే 180 న్యూటన్ మీటర్ల భ్రామకం వస్తుంది. దీన్ని ఎదుర్కోవలసింది కమ్మీ అడుగు పలకకు బిగించిన బోల్టులు. కమ్మీ బయటికి ఒరగబోతే అడుగు పలక తన బయటి అంచు మీద తిరగడానికి ప్రయత్నిస్తుంది, లోపలి వైపు బోల్టులు దాన్ని కిందికి పట్టి ఉంచాలి. ఆ అంచుకూ లోపలి బోల్టులకూ మధ్య దూరం 60 మిల్లీమీటర్లే అయితే, 180ని 0.06తో భాగించాలి. జవాబు 3000 న్యూటన్లు. పైన పడింది 40 కిలోల తోపు, కింద బోల్టుల మీద లాగుడు 300 కిలోలకు సమానం. గునపంతో బండరాయిని కదిలించే సూత్రమే ఇక్కడ పడవకు వ్యతిరేకంగా పని చేస్తోంది.

దీనికి విరుగుడు కూడా అదే సూత్రంలో ఉంది. నిలువు కమ్మీకి ఏటవాలుగా ఒక ఊతకాలు పెట్టి, దాని పాదాన్ని 400 మిల్లీమీటర్ల దూరంలో డెక్‌కు బిగిస్తే, అదే 180 న్యూటన్ మీటర్లను ఇప్పుడు 0.4తో భాగిస్తాం. లాగుడు 450 న్యూటన్లకు పడిపోతుంది. దాదాపు ఏడింట ఒక వంతు. త్రిభుజం ఆకారం మార్చుకోదన్న రేఖాగణిత నియమం మీదే ఇళ్ల దూలాలూ, రైలు వంతెనలూ నిలబడి ఉన్నాయి. పడవ కమ్మీకి కూడా అదే వర్తిస్తుంది. తక్కువ ఖర్చులో బలం కావాలంటే మందమైన గొట్టం కొనడం కంటే ఒక ఊతకాలు చేర్చడం మేలు.

మందమా, వెడల్పా?

గొట్టం ఎంపికలో కూడా ఇలాంటి లెక్క ఒకటి ఉంది. దుకాణాల్లో సులువుగా దొరికేది అంగుళం పైపు, అంటే 25.4 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల మందం. ఊతకాలు లేని ఒంటి కమ్మీగా దాన్ని నిలబెడితే, పైన చెప్పిన 180 న్యూటన్ మీటర్ల భ్రామకం దాని అడుగున దాదాపు 283 మెగాపాస్కల్‌ల ప్రతిబలాన్ని కలిగిస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 205 మెగాపాస్కల్‌ల దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలవుతుంది. అంటే ఆ కమ్మీ వంగి మళ్లీ లేవదు.

మందం 2 మిల్లీమీటర్లకు పెంచితే ప్రతిబలం 225కు తగ్గుతుంది, అదీ చాలదు. గొట్టం బరువు మాత్రం 31 శాతం పెరుగుతుంది. దానికి బదులు 1.5 మిల్లీమీటర్ల మందమే ఉంచి, అంగుళంపావు పైపు తీసుకుంటే ప్రతిబలం 175 మెగాపాస్కల్‌లకు దిగుతుంది. బరువు పెరిగేది 27 శాతమే. లోహం గొట్టం మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే వంపును అంత బాగా అడ్డుకుంటుంది. వెదురు బోలుగా ఉండి కూడా గట్టిగా ఉండటానికి ఇది ఒక కారణం. ఊతకాళ్లు ఉన్న చట్రంలో భారం రెండు మూడు కాళ్లు పంచుకుంటాయి కాబట్టి అంగుళం పైపే సరిపోతుంది. ఊతకాలు పెట్టే వీలు లేని చోట మాత్రం అంగుళంపావు పైపు వాడటం తెలివైన పని.

బలహీనమైన చోటు డెక్

కమ్మీ ఊడిపోయిన పడవల్ని పరిశీలిస్తే బోల్టు తెగడం అరుదు. 6 మిల్లీమీటర్ల మంచి స్టెయిన్‌లెస్ బోల్టు కూడా 9000 న్యూటన్ల లాగుడును శాశ్వతంగా సాగకుండా తట్టుకోగలదు. తెగేది డెక్. ఫైబర్‌గ్లాసు పొర అడుగున చిన్న వాషర్ పెట్టి నట్టు బిగిస్తే, 1500 న్యూటన్ల లాగుడు 20 మిల్లీమీటర్ల వాషర్ కింద చదరపు మిల్లీమీటరుకు దాదాపు 5 న్యూటన్ల ఒత్తిడిగా మారుతుంది. పదే పదే కుదిపితే పొరలు చీలి, వాషర్ డెక్‌లోంచి పైకి దూసుకు వస్తుంది.

డెక్ అడుగున నాలుగు బోల్టులకూ కలిపి 100 మిల్లీమీటర్ల చదరపు పలక ఒకటి పెడితే ఒత్తిడి దాదాపు ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. ఈ పలక కోసం ఖరీదైన లోహం అక్కర్లేదు. ఎపాక్సీ పూసిన మెరైన్ ప్లైవుడ్ ముక్క, లేదా పాత ఫైబర్‌గ్లాసు పలక ముక్క చాలు. పలక మూలలు గుండ్రంగా చేయాలి, ఎందుకంటే మొనదేలిన మూలల దగ్గరే ఒత్తిడి పోగుపడి పగుళ్లు మొదలవుతాయి. ఖర్చు లెక్కన చూస్తే మొత్తం పనిలో అతి చవకైనదీ, అతి ముఖ్యమైనదీ ఈ పలకే.

చాలా పడవల డెక్ రెండు ఫైబర్‌గ్లాసు పొరల మధ్య తేలికైన కర్ర పెట్టి చేసినది. బోల్టు రంధ్రంలోంచి చుక్క చుక్కగా దిగే నీరు ఆ కర్రను కుళ్లబెడుతుంది. పైకి ఏమీ కనిపించదు, కొన్నేళ్లకు డెక్ మెత్తబడుతుంది. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే అండమాన్‌లో ఇది పెద్ద సమస్య. దీనికి పరిష్కారం ఇలా ఉంటుంది. ముందు రంధ్రాన్ని కావలసిన దాని కంటే పెద్దదిగా తొలచాలి. చుట్టూ ఉన్న కర్రను కాస్త గీకి తీసి, ఆ ఖాళీని ఎపాక్సీతో నింపాలి. అది గట్టిపడ్డాక మధ్యలో సరైన కొలతతో మళ్లీ రంధ్రం చేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గోడ ఏర్పడి నీరు కర్రను తాకదు. అడుగు పలక కింద బ్యుటైల్ టేపు లేదా పాలీసల్ఫైడ్ సీలెంటు వేయాలి. స్నానాల గదుల్లో వాడే మామూలు సిలికాన్ చవకే అయినా ఈ పనికి నిలవదు.

తళతళలాడేదంతా ఒకటే స్టీలు కాదు

దీవుల్లో పని చేసే లోహానికి అసలు పరీక్ష ఉప్పు గాలి. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పలచని రక్షణ పొరను ఏర్పరుస్తుంది. గీత పడినా ఆక్సిజన్ అందితే ఆ పొర తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆ పొరను అక్కడక్కడ చీల్చి సూదిమొనంత గుంటలు చేస్తాయి. వేడి, తేమ పెరిగే కొద్దీ ఈ దాడి ఉద్ధృతమవుతుంది. ఏడాది పొడుగునా వెచ్చగా, తేమగా ఉండే అండమాన్ వాతావరణం దీనికి అనువైన చోటు.

ఇక్కడే తక్కువ ఖర్చు వెతికేవారికి ఒక ఉచ్చు ఉంది. మన ఊళ్లలో గేట్లకూ, మెట్ల పక్క రెయిలింగులకూ విరివిగా అమ్మే పైపుల్లో చాలా భాగం 202 రకం. అందులో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు కలుపుతారు. ఇంటి లోపల అది బాగానే ఉంటుంది, సముద్రం మీద త్వరగా గోధుమ రంగు మరకలు, తర్వాత గుంటలు వస్తాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316 రకంలో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడ్‌ను ఎదుర్కొనేది ముఖ్యంగా ఈ మాలిబ్డినమే.

కంటితో చూసి వీటిని విడదీయలేం. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలు అన్న నమ్మకం కూడా తప్పు. 202 కూడా అయస్కాంతానికి అంటదు. మరోవైపు మంచి 304 పైపు వంచిన చోట కొద్దిగా అంటుకోవచ్చు. ఎందుకంటే వంచినప్పుడు దాని స్ఫటిక నిర్మాణం కొంత మారుతుంది. అందువల్ల కొనేటప్పుడు తయారీదారు ఇచ్చే పరీక్ష పత్రం అడగాలి, లేదా మాలిబ్డినం ఉందో లేదో చెప్పే రసాయన చుక్కల కిట్‌తో చూసుకోవాలి. మొత్తం చట్రానికి 316 కొనే స్తోమత లేకపోతే గొట్టాలకు 304 వాడి, నీరు నిలిచే అడుగు పలకలకూ బోల్టులకూ 316 వాడటం ఒక సర్దుబాటు. అతుకు వేయవలసిన గొట్టాలకు కార్బన్ తక్కువగా ఉండే 304ఎల్, 316ఎల్ రకాలు మేలు. మామూలు రకాల్లో అతుకు వేడికి క్రోమియం కార్బన్‌తో కలిసిపోయి, ఆ చుట్టుపక్కల రక్షణ పొర బలహీనపడే ప్రమాదం ఉంది.

జస్తా పూత వేసిన జీఐ పైపు మరీ చవక. కానీ అతుకు వేసిన చోట పూత కాలిపోతుంది, ఆ పొగ పీల్చితే జ్వరం లాంటి అనారోగ్యం వస్తుంది. మరలు కోసిన చోట కూడా పూత పోతుంది. కొన్నేళ్ల తాత్కాలిక ఏర్పాటుగా తప్ప దాన్ని నమ్ముకోలేం.

రెండు లోహాలు కలిసిన చోట మరో నియమం వర్తిస్తుంది. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకితే అవి ఒక చిన్న బ్యాటరీలా పని చేస్తాయి, తక్కువ నోబుల్ లోహం కరిగిపోతుంది. పెద్ద స్టెయిన్‌లెస్ చట్రాన్ని చిన్న జస్తా పూత బోల్టులతో బిగిస్తే, పెద్ద చట్రం మొత్తం ఆ చిన్న బోల్టుల్ని తినేస్తుంది. బోల్టుల దగ్గర మిగుల్చుకున్న కొద్ది రూపాయలు చివరికి కమ్మీ మొత్తాన్నే పోగొట్టవచ్చు.

పని వరుస

దీవుల్లో ఒక బోల్టు తక్కువైనా ఓడ కోసం ఎదురు చూడాల్సి రావచ్చు. కాబట్టి కొనడానికి ముందే కొలతలు తేల్చుకోవడం ఖర్చు తగ్గించే మొదటి మార్గం.

మొదటగా ప్లంబింగు పనుల్లో వాడే పీవీసీ పైపులతో నమూనా చట్రం కట్టాలి. దాన్ని డెక్ మీద నిలబెట్టి చుక్కాని పూర్తిగా తిరుగుతోందా, తెరచాప తాళ్లు తగులుతున్నాయా, ఇంజన్ పైకి లేస్తోందా, కూర్చున్నవారి వీపుకు ఎక్కడ తగులుతోంది అన్నవి చూసుకోవాలి. డెక్ సమతలంగా ఉండదు, మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది. ప్రతి పాదం దగ్గరా ఆ వాలును అట్టముక్క మీద గీసుకోవాలి. వాలును సరిచేయడానికి అండమాన్ పడౌక్ వంటి గట్టి కర్రతో చీలిక ఆకారపు దిమ్మలు చేసి పాదాల కింద పెట్టవచ్చు.

రెండోది, చట్రాన్ని ఒకే ముక్కగా కాకుండా కుడి, ఎడమ రెండు భాగాలుగా చేయడం. మధ్య ఖాళీలో కొక్కేలతో ఒక తాడు కడితే చాలు. పెద్ద వంపులు అక్కర్లేదు, నిచ్చెనకు దారి దొరుకుతుంది, ఒక భాగం దెబ్బతింటే దాన్నే మార్చుకోవచ్చు. ఆరు మీటర్ల పడవకు ఒక్కో వైపు అర మీటరు కాళ్లు మూడు, 1.2 మీటర్ల అడ్డ కమ్మీలు రెండు, 0.7 మీటర్ల ఊతకాలు ఒకటి పెడితే మొత్తం 4.6 మీటర్లు. రెండు వైపులకూ కలిపి 9.2 మీటర్లు. పైపులు సాధారణంగా 6 మీటర్ల పొడవుతో వస్తాయి కాబట్టి రెండు పైపులు సరిపోతాయి. మిగిలిన ముక్క నిచ్చెన మెట్లకు పనికొస్తుంది.

మూడోది వంచడం, అతకడం. గొట్టంలో పొడి ఇసుక దట్టించి రెండు చివరలూ మూసి వంచితే నొక్కుకుపోదు. ఇసుకలో తేమ లేకుండా చూసుకోవాలి. అతుకులు ఆర్గాన్ వాయువుతో చేసే టిగ్ వెల్డింగుతో వేయించాలి. మామూలు ఇనుము సానపట్టిన చక్రాన్ని స్టెయిన్‌లెస్ మీద వాడకూడదు. ఆ చక్రం నుంచి అంటుకున్న ఇనుప రేణువులే వారం రోజుల్లో తుప్పు చుక్కలవుతాయి. అతుకు చుట్టూ కనిపించే నీలి, గోధుమ రంగుల మచ్చల్ని పూర్తిగా తొలగించి శుభ్రం చేస్తేనే రక్షణ పొర మళ్లీ నిండుగా ఏర్పడుతుంది. వెల్డింగుకు వీలు లేకపోతే స్క్రూలతో బిగించే రెడీమేడ్ మూలలు దొరుకుతాయి. వాటిని తరచూ బిగించి చూసుకోవాలి.

చివరగా, అడుగు పలకలు బిగించేటప్పుడు ఎవరూ పైన బోల్టును తిప్పకూడదు. దాన్ని కదలకుండా పట్టుకుని కింద నట్టునే తిప్పాలి. అప్పుడు సీలెంటు చెదరదు.

కమ్మీ మీద ఏమేమి వేలాడదీయవచ్చు?

బలమైన చట్రం సిద్ధమైతే దాని మీద సోలార్ పలక, అదనపు ఇంజన్, డబ్బాలు కట్టాలనిపిస్తుంది. ఇక్కడ పడవ స్థిరత్వం గుర్తుంచుకోవాలి. 800 కిలోల పడవకు గరిమనాభి కంటే ఒక మీటరు ఎత్తున 10 కిలోల చట్రం చేరిస్తే, పడవ గరిమనాభి 12 మిల్లీమీటర్లు పైకి వెళుతుంది. మరో అర మీటరు పైన 12 కిలోల సోలార్ పలక పెడితే ఇంకో 22 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గరిమనాభి పైకి వెళ్లే కొద్దీ ఒరిగిన పడవ తిరిగి లేచే శక్తి తగ్గుతుంది. వెనుక బరువు వల్ల అమరం దిగబడుతుంది కూడా. లంగరు, గొలుసు అణియం వైపు జరిపితే ఇది కొంత సర్దుకుంటుంది.

గాలిని కూడా లెక్కించాలి. అర చదరపు మీటరు పలకకు ఎదురుగా సెకనుకు 15 మీటర్ల గాలి వీస్తే సుమారు 90 న్యూటన్ల తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అండమాన్, నికోబార్ జలాలకు కూడా అలలు, గాలుల ముందస్తు సమాచారం ఇస్తుంది. బలమైన గాలుల హెచ్చరిక ఉన్న రోజు పలకను విప్పి దించేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

కమ్మీ చేయలేని పని

భద్రతా పట్టీ కొక్కేన్ని మాత్రం ఈ కమ్మీకి ఎన్నడూ తగిలించకూడదు. 80 కిలోల మనిషి రెండు మీటర్లు పడి, తాడు సాగుతూ 30 సెంటీమీటర్లలో ఆగితే, తాడు మీద సగటున 6000 న్యూటన్ల బలం పడుతుంది. 600 కిలోలు వేలాడదీసినట్లే. 400 న్యూటన్ల తోపు కోసం చేసిన చట్రం దాన్ని ఆపలేదు. పట్టీ కోసం డెక్ మీద, అడుగున పలకతో బిగించిన మందపాటి యూ బోల్టు వేరుగా ఉండాలి. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు నౌకాదళ పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి మీద భూగోళాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు మహిళల్లో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. అలాంటి మహాసముద్ర యాత్రల్లో కమ్మీ మొదటి రక్ష, పట్టీ రెండో రక్ష. ఒకటి ఉందని రెండోది వదలరు.

బిగించాక రేవులోనే పరీక్షించాలి. కమ్మీ పైభాగానికి తాడు కట్టి, చేతి స్ప్రింగు త్రాసుతో 40 కిలోల వరకు మెల్లగా బయటికి లాగాలి. వదిలాక కమ్మీ మొదటి చోటికి తిరిగి రావాలి, అడుగు పలక చుట్టూ సీలెంటులో చీలిక కనిపించకూడదు, డెక్ మీద వెంట్రుకవాసి పగుళ్లు పుట్టకూడదు. ఇలా ఏడాదికోసారి చేయాలి.

నిర్వహణకు ఖర్చు లేదు, మంచినీళ్లు చాలు. వాన తగిలే పైభాగాల మీద ఉప్పు కొట్టుకుపోతుంది. వాన తగలని కమ్మీల అడుగు వైపు, పలకల కింద, తాడు చుట్టిన చోట ఉప్పు పేరుకుంటుంది. గాలి ఆడని ఆ సందుల్లోనే ఆక్సిజన్ అందక రక్షణ పొర దెబ్బతిని తుప్పు లోతుగా దిగుతుంది. అందుకే ప్రయాణం ముగిసిన ప్రతిసారీ గుడ్డ తడిపి తుడవవలసింది మెరిసే పైభాగాన్ని కాదు, కంటికి కనిపించని అడుగు భాగాన్ని. గోధుమ రంగు చార ఎక్కడి నుంచి కారుతోందో వెతికితే, మరమ్మతు ఎక్కడ అవసరమో అదే చూపిస్తుంది.